జూలులో దాగిన అక్షరాలు

మా అబ్బాయి యొకొహామా నుంచి వస్తూ ఒక ఖాళీ బీరు సీసా తెచ్చాడు. "నువ్వెలాగూ తాగవు కదా నాన్నా, బొమ్మ చూసుకో" అన్నాడు. లోపలిది వాడే కానిచ్చాడన్నమాట. సరే, నా వాటాకు వచ్చింది తక్కువేం కాదు.

633 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసా. దాని పొట్ట మీద అరచేయంత కాగితం. ఆ కాగితం మీద, నేల అక్కర్లేనట్టు గాలిలోనే దౌడు తీస్తున్న ఒక జంతువు. కిరిన్! తూర్పు దేశాల కథల్లో దానిది లేడి ఒళ్లు, ఎద్దు తోక, గుర్రపు గిట్టలు. అది నడిస్తే గడ్డిపరక నలగదట, పురుగు చావదట. మహానుభావుడెవరో పుట్టబోతున్నప్పుడే కంటపడుతుందట. మన గుళ్ల స్తంభాల మీది యాళికి దూరపు చుట్టం అనుకోవచ్చు. కాకపోతే యాళిది ఉగ్రం, దీనిది దయ. 1414లో బెంగాల్ సుల్తాను చైనా చక్రవర్తికి ఒక జిరాఫీని కానుక పంపితే, ఆ కొలువు కొలువంతా దాన్నే ఈ పుణ్యమృగమని కళ్లకద్దుకుంది. ఇవాళ్టికీ జపాన్ పిల్లలు జూలో జిరాఫీని చూసి "కిరిన్" అనే అంటారు. ఎవరూ చూడని జంతువుకూ అందరూ చూసే జంతువుకూ ఒక్కటే పేరు!

ఈ కిరిన్ బీరు 1888లో బజారుకొచ్చింది. పడమటి దేశాల నుంచి దిగుమతయ్యే సీసాల మీద అప్పట్లో తోడేళ్లూ పిల్లులూ ఉండేవి. మనం తూర్పు జంతువునే పెట్టుకుందామన్నది మిత్సుబిషి పెద్ద షోదా హెయిగొరో ఆలోచన. మొదటి లేబుల్‌లో కిరిన్ బొమ్మ చిన్నది. 1889లోనే దాన్ని పెద్దది చేశారు. నాగసాకిలో స్థిరపడ్డ స్కాట్లండ్ వర్తకుడు థామస్ గ్లోవర్ చెప్పిన మాట మీద మార్చారంటారు. ఆ మృగం మీసాలు ఆయనవేనని ఒక చమత్కారం కూడా ఉంది. అప్పటి నుంచి ఎన్ని చిన్న చిన్న సవరణలు జరిగినా ఆ పరుగు మాత్రం అదే. పేరున్న సరుకుకు కొత్త బట్టలు కుట్టేవాళ్లకు చేతులు ఊరుకోవు. ఊరుకున్న చేతులకు దణ్ణం పెట్టాలి.

బొమ్మ గీయడం ఒక ఎత్తు, సీసాకు గీయడం ఇంకో ఎత్తు. చదునైన బల్ల మీద ముచ్చటగా వచ్చిన బొమ్మ గుండ్రటి గాజుకు అంటించేసరికి అంచులు వెనక్కి జారిపోతాయి. ఎదురుగా నిలబడ్డవాడికి ఇంచుమించు మూడో వంతే కనబడుతుంది. తలా తోకా రెండూ ఆ ఇరుకులోనే ఇమడాలి, ఇమిడినట్టూ తెలియకూడదు. అదీగాక ఆ కాగితం ఐసునీళ్లలో గంటలకొద్దీ నానినా వదలకూడదు. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లి వేడి వేడి కాస్టిక్ సోడా నీళ్లలో పడ్డప్పుడు మాత్రం ఇట్టే ఊడి రావాలి. ఎంత వింత నియమం! చిత్రకారుడు ప్రాణం పెట్టి గీసింది ఒక్క విందుకే. సీసా మళ్లీ వస్తుంది, మళ్లీ నిండుతుంది, దాని మీదికి ఇంకో కిరిన్ దూకుతుంది.

అసలు ముచ్చట ఇంకా ఉంది. ఆ జంతువు వెంట్రుకల్లో "కి", "రి", "న్" అనే మూడు జపాను అక్షరాలు దాగి ఉన్నాయి. మొదటి రెండూ జూలులో, మూడోది తోకలో. నకిలీ లేబుళ్లను పట్టుకోవడానికని కొందరంటారు, గీసినవాడి కొంటెతనమని కొందరు. నా ఓటు రెండోదానికే. తన పేరు అచ్చుకాని చోట ఒక మనిషి, కొనేవాళ్లలో నూటికి తొంభైమంది చూడరని తెలిసీ, కుంచెను అటు కాస్త ఇటు కాస్త మెలిపెట్టి నవ్వుకుని ఉంటాడు.

మా అబ్బాయి ఆ మూడక్షరాలూ పాత క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చాడు. "కి" అంటే రెండు అడ్డగీతలు, వాటిని కోస్తూ ఒక వాలుగీత. "రి" అంటే పక్కపక్కనే రెండు నిలువుగీతలు. "న్" అంటే ఒక చుక్క, కింద నుంచి పైకి విసిరిన ఒక వంపు. కిటికీ దగ్గర కూర్చుని భూతద్దం పట్టాను. "కి" వెంటనే దొరికింది. "రి" కోసం కాఫీ చల్లారిపోయింది. తోక దగ్గరికొచ్చేసరికి ఎండ పక్కకు జరిగింది. సీసాను వెలుతురులోకి తిప్పాను. అదిగో, పోగు చివర, పైకి లేచిన ఆ వంపు!

"ఏమేవ్, ఒకసారి ఇలా రా" అని కేకేశాను.