వేసవి విహారము – అతిథి ధర్మము

వైశాఖమాసము వచ్చుసరికి కోయంబత్తూరులోని మన తెలుగు కుటుంబములలో ఒకే ప్రశ్న వినబడును: ఈ వేసవిలో ఏ కొండకు పోవలెను? బడులకు సెలవులు. పగలు వాకిట నిలువలేని యెండ. మేడ యెక్కి ఉత్తరముగా చూచినచో నీలగిరుల వరుస మబ్బువలె కానవచ్చును. ఒకరు ఉదకమండలమనియు, ఒకరు కొడైకానలనియు, మరియొకరు ఏర్కాడనియు వాదింతురు. తుదకు పిల్లలొక కాగితము తీసికొని చూడవలసిన చోట్ల పట్టిక వ్రాయుదురు. ఇది స్వల్పవిషయము, ఇందులో విచారింపదగిన ధర్మమేమున్నదని అనేకులకు తోచవచ్చును. నాకును చాలకాలమట్లే తోచినది. ఆ పట్టికయందొక ధర్మప్రశ్న యిమిడియున్నదని తెలియుటకు నేనొకసారి కొండపై తల వంచుకొనవలసి వచ్చినది. ఆ సంగతిని మనవారి యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలు.

కొన్నేండ్ల క్రిందట మా యింట తయారైన పట్టిక యిట్లుండెను. పదిమంది, రెండు కార్లు, మూడు దినములు. మొదటినాడు ఊటీ సరస్సులో పడవ, ప్రభుత్వోద్యానము, దొడ్డబెట్ట శిఖరము. రెండవనాడు పైకారా సరస్సు, జలపాతము. మూడవనాడు కూనూరులో సిమ్స్ ఉద్యానము, డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్ము, సాయంకాలమునకు ఇల్లు. ఒక్కొక్క చోట ఎన్ని నిమిషములు నిలువవలెనో కూడ నా కుమారుడు లెక్క వేసియుంచెను. మా అమ్మ మూలన కూర్చుండి వత్తులు చేసికొనుచు అంతయు వినుచుండెను. ఆమె పేరు ఆ పట్టికలో లేదు. మోకాళ్ల నొప్పి గనుక ఆమె వచ్చినచో ఆలస్యమగునని, ఆమెనడుగకయే మేము నిశ్చయించితిమి. ఆమె యొక్క మాట మాత్ర మడిగెను: "ఏమిరా నాయనా, కొండను చూడను పోతా ఉండారా, కొండకు మీరు అగపడను పోతా ఉండారా?" అందరము నవ్వితిమి.

ఊటీలో మేము దిగిన బస యొక మెట్టపై నుండెను. మే నెల గనుక గదులన్నియు నిండియుండెను. ఉదయమున మా పదిమందికిని వేడినీటి స్నానములు. పిల్లలు కుళాయిలు విప్పి ఆటలాడిరి. నేను వరండాలో నిలిచి క్రిందికి చూడగా, మెట్టక్రింది వీథికుళాయివద్ద బిందెలు బారులు తీరియుండెను. ధార చిటికెనవ్రేలంత సన్నము. తేనీటికై క్రిందికి దిగి పోవుచు, ఆ వరుసలో మా అమ్మ యీడు ముసలమ్మ యొకతె కూర్చుండియుండగా చూచి, ఎంతసేపటినుండి వేచియున్నారని తమిళమున అడిగితిని. ఆమె నవ్వి, మీరందరు వచ్చు నెల గదా, ఇట్లే యుండునని చెప్పి, నాకు త్రోవ యిచ్చుటకు తన బిందెను ప్రక్కకు జరిపెను. ఆమె మాటలో కోపము లేదు. కోపమున్నచో నాకు సులభముగా నుండెడిది. పైకారాలో ఎంతసేపు నిలిచితిమో, ఏమి చూచితిమో నాకిప్పుడు జ్ఞప్తి లేదు. ఆమె బిందెను జరిపిన తీరు మాత్రము నేటికిని మరపు రాలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పితిని. ఆమె, "పదిమంది చుట్టాలింటికి పోతే మునుపే కబురు పంపేది మన వాడుక గదరా. కొండకు పోతే ఆ వాడుక ఎట్ల మరిచిపోతిరి?" అనెను.

నేటికిని నేనాలోచించుచున్నది ఈ ప్రశ్ననే. అతిథిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించినది. ఆతిథ్యమిచ్చువాని ధర్మమును గూర్చి మన పెద్దలు విస్తారముగా చెప్పిరి. మరి అతిథికి ధర్మము లేదా? ఆతిథ్యమిచ్చువాని సహనముపైననే యంతయు నడువవలెనా? విహారమునకు పోవువాడు తానతిథినని తలపడు. "రొక్కమిచ్చితిమి, గది తీసికొంటిమి, ఇంకెవరికి ఋణపడితిమి?" అని యనుకొనును. కాని ఆ రొక్కము బసవానికి చేరినది. మేము వాడిన నీరు బసవానిది కాదు. అది ఆ కొండది, ఆ వీథిది, బిందె పట్టుకొని నిలిచిన ఆ ముసలమ్మది. వెల యిచ్చినంతమాత్రమున తీరని ఋణములు కొన్ని కలవు.

అట్లని చూడవలెనను కోరికయే దోషమందుమా? అట్లనరాదు. పెద్దన మనుచరిత్రములోని ప్రవరుని తలచుకొందము. తల్లిదండ్రులను, అగ్నులను, అతిథులను సేవించుకొనుచున్న ఆ గృహస్థునకు దూరదేశముల వింతలను చూడవలెనను కోరిక పుట్టినది. సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోయినాడు. కవి ఆ కోరికను నిందింపలేదు. పైపెచ్చు ఆ కొండను మన కన్నులయెదుట నిలిపినాడు. చిక్కెచ్చట వచ్చినది? లేపము మంచునీటికి కరగిపోవునను తలంపు ప్రవరునకు లేకపోయినది. పోవు త్రోవను గూర్చినంత శ్రద్ధ వచ్చు త్రోవను గూర్చి చూపలేదు. తానడుగిడు నేల యెట్టిదో విచారింపలేదు. మనమును అంతియే. కొండమీదికి ఎన్ని గంటలకు చేరుదుమో లెక్కింతుము గాని, మనము చేరిన పిమ్మట ఆ కొండకేమగునో లెక్కింపము.

ఇందులకు భిన్నమైన యాత్రికుడును మనవారిలోనే యున్నాడు. మదరాసున న్యాయస్థానములో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18వ తేదీన సపరివారముగా కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చెను. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రములో ఏ మజిలీలో దిగుటకు వసతి కలదో, ఎచ్చట నీరు దొరకునో, ఏ యూరిలో అంగళ్లున్నవో, త్రోవ యెట్లుండునో ఊరూరను కనబడును. తాను చూచిన దానిని గూర్చి యెంత తలచెనో, తన వెనుక వచ్చువారిని గూర్చియు నంత తలచెను. ప్రయాణసన్నాహమనగా ఆయనకు తన సుఖమునకైన లెక్క మాత్రమే కాదు. నేడు మన పట్టికలలో కొరవడినది ఆ దృష్టియే.

ఆ కొండ యెవరిదో కూడ కొంత తెలిసికొందము. నీలగిరులపై తోడవారు తమ యెనుములను మేపుకొనుచు, కోతవారు కుండలును ఇనుపసామానును చేయుచు, బడగవారు సేద్యము సాగించుచు, కురుంబ ఇరుళ జాతులవారు అడవులలోను కొండచరియలందును జీవించుచు ఎంతోకాలముగా నుండిరి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో కొండ యెక్కిన పిమ్మట దొరల రాక యెక్కువైనది. నేడు మనము పడవలలో తిరుగు ఊటీ సరస్సు ఆయన 1823 నుండి 1825 వరకు వాగులకు కట్ట వేయించి యేర్పరచినది. కొడైకానల్ సరస్సును సహితము 1863లో దొరలే కట్టించిరి. మదరాసు ప్రభుత్వము వేసవిలో ఊటీకి తరలిపోవు రోజులలో ఆంధ్రదేశపు వ్యవహారములు కూడ అచ్చటినుండియే నడచెను. అందరి కొండలందును ఉన్నతమైనది దొడ్డబెట్ట, 2,637 మీటర్లు. ఆ పేరులోని 'దొడ్డ' మన తెలుగువారికిని చుట్టమే.

ఆ కొండతో మన చుట్టరికము పేరుతో తీరలేదు. నీలగిరుల పచ్చికబయళ్లును, లోయలలోని షోలా అడవులును వానకాలపు నీటిని స్పంజివలె పీల్చుకొని, ఎండకాలమున కొంచెము కొంచెముగా విడుచును. ఆ పచ్చికలపై నీలగిరితైలపు చెట్లను, తుమ్మజాతి వృక్షములను, తేయాకును విస్తారముగా పెంచుటచే ఆ శక్తి చాలచోట్ల తగ్గినది. మిగిలినదానితోనే వాగులు పారుచున్నవి. 1932లో పైకారా విద్యుత్కేంద్రము పనిచేయనారంభించిన పిమ్మట కోయంబత్తూరులో నూలుమిల్లులు వేగముగా పెరిగెను. మనవారిలో ఎన్ని కుటుంబములు ఆ మిల్లుల నీడన బ్రతికెనో ఈ సంచిక చదువువారికి చెప్పనక్కరలేదు. భవానీనదిపైని పిల్లూరు జలాశయమునుండి కోయంబత్తూరుకు త్రాగునీరు వచ్చుచున్నది. కావున మనము మూడు దినముల వినోదముగా చూచి వచ్చు కొండ, సంవత్సరము పొడుగున మన యింటి బిందెను నింపుచున్న కొండయే. మెట్టక్రింది బిందెకును మన బిందెకును మూలమొక్కటియే.

అతిథి ధర్మమును గూర్చి ఇతరులకంటె మనకెక్కువ తెలియవలెను. మన పూర్వులలో ననేకులు విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను ఈ దేశమునకు వచ్చి, నల్లరేగడి నేలలు దున్నుకొని స్థిరపడిరి. వచ్చినవారు ఇచ్చటి భాష నేర్చిరి. ఇచ్చటి దేవతలకు మ్రొక్కిరి. ఇరుగుపొరుగు వారి మర్యాదలను తెలిసికొని నడచిరి. ఇంట తెలుగు, వీథిలో తమిళము అను నియమము మనకు అవమానముగా తోచలేదు. ఒకరి నేలపై గౌరవముగా నుండుట యెట్లో తరతరములు అభ్యసించిన వారము మనము. అట్టి మనము మూడు దినములకు కొండ యెక్కునప్పుడు మాత్రము ఆ విద్యను మేట్టుపాళయములో విడిచి పోవుట న్యాయమా?

ఇందుపై రెండు ఆక్షేపణలు రావచ్చును. మనము పోకున్నచో గుఱ్ఱములు నడుపువారు, క్యారెట్టు లమ్ముకొనువారు, తేనీటి అంగడివారు ఏమి తిందురు? ఇది సత్యము. అందుచేతనే పోవలదని నేననుట లేదు. అతిథి రాని యిల్లు కూడ వెలవెలబోవును. రెండవది, పిల్లలకు సెలవులుండునది మే నెలలోనే గదా, మరెప్పుడు పోవలెను? ఇదియును సత్యమే. దినకూలివానికిని, బడిపంతులునకును కాలమును ఎన్నుకొను స్వాతంత్ర్యము లేదు. వారిని నిందించుట అధర్మము. కాని ఎప్పుడు పోవలెనో మన చేతిలో లేకున్నను, ఎందరము, ఎట్లు, ఎన్ని చోట్లకు పోవలెనో మన చేతిలోనిదే.

ప్రభుత్వమును న్యాయస్థానమును ఇప్పుడు కొంత పూనుకొన్నవి. మద్రాసు హైకోర్టు ఉత్తరువుచే 2024 మే 7వ తేదీనుండి నీలగిరులకును కొడైకానలుకును పోవు వాహనములకు ముందుగా ఈ-పాసు తీసికొను పద్ధతి వచ్చినది. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు దినములలో 6,000, వారాంతములలో 8,000 వాహనములని పరిమితి విధించిరి. దీనిని విని మనలో కొందరు విసుగుకొనిరి. నాకు మాత్రము అమ్మ మాట జ్ఞప్తికి వచ్చినది. ముందుగా కబురు పంపుట మన వాడుక గదా! మనమై పంపవలసిన కబురును చట్టము పంపించుచున్నది. అయితే చట్టము వాహనములను లెక్కింపగలదు. కుళాయి విప్పిన చేతిని లెక్కింపలేదు. ఆ లెక్క మనదే.

ఆ పిమ్మట మా యింట మరల నొక వేసవిలో పట్టిక వ్రాసితిమి. ఈసారి మొదటి పేరు అమ్మది. వారము నడుమ దినములు చూచుకొంటిమి. కార్లు మాని, మేట్టుపాళయమునుండి కొండరైలుకు ముందుగానే చీట్లు తీసికొంటిమి. 1899లో కూనూరు వరకును, 1908లో ఊటీ వరకును నడచిన రైలు అది. పట్టాల నడుమనున్న పండ్లపట్టీని ఇంజను కరచుకొని మెల్లగా ఎక్కును; 46 కిలోమీటర్లకు దాదాపు అయిదు గంటలు పట్టును. కారులో ముందుకు పరుగిడు మనస్సు ఆ రైలులో తప్పనిసరిగా కుదుటపడును. నీటికి ఇంటినుండి ఇత్తడి, స్టీలు చెంబులు తీసికొని పోతిమి. చూడవలసిన చోట్లు రెండే: ఒకటి సరస్సు గట్టు, రెండు ఉద్యానము. స్నానమునకు మనిషికొక బకెట్టు అని పిల్లలే నియమము పెట్టుకొనిరి.

సరస్సు గట్టున అమ్మ సాయంకాలమంతయు బల్లపై కూర్చుండెను. ఆమె నడువలేదు గనుక మేమును నడువలేదు. నీటిపై మంచు దిగుట, గట్టు చెట్ల నీడలు మాయమగుట, చలికి పిల్లలు అవ్వ శాలువలో దూరుట అన్నియు చూచితిమి. వెనుకటి యాత్రలో నేనీ సరస్సును నలుబది నిమిషములలో ముగించితిని. ఇది యెవరు త్రవ్వించిరని అమ్మ అడుగగా, సల్లివన్ కథ చెప్పితిని. ఆమె కొంతసేపూరకుండి, "కట్టినోడు ఒగడు, కాపాడాల్సింది అందరూ" అనెను.

నేను మా యిల్లు మారిపోయినదని చెప్పుకొనుట లేదు. మా వలన ఆ వీథిలో ఒక బిందె ముందుగా నిండినదో లేదో నాకు తెలియదు. ధర్మము ఫలితము చూచి చేయునది కాదని పెద్దలు చెప్పుదురు. కొండకు పోవు సోదరులకు నా మనవి యొక్కటే. చూడవలసిన చోట్ల పట్టికను వ్రాయునపుడు, దాని శిరస్సున రెండు ప్రశ్నలు వ్రాయుడు: ఇంటిలో ఎవరిని విడిచి పోవుచున్నాము? అచ్చట ఎవరిని ప్రక్కకు జరుపుచున్నాము? ఈ రెండిటికిని సమాధానము చెప్పుకొన్న పిమ్మట ఏ కొండకు పోయినను అది యాత్రయే యగును.