గుండ్రంగా తొలిచే చెయ్యి

ఒరేయ్ నాన్నా, వర్క్‌షాపు క్లాసంటే నీకు విసుగనీ, రికార్డు ఎవరిదో తెచ్చి ఎక్కించేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. తిట్టడానికి రాయడం లేదులే. "ఐడియా ఉంటే చాలు తాతా, చేసేవాళ్లు బోలెడు మంది" అన్నావు చూడు మొన్న సంక్రాంతికి, దానికి జవాబు బాకీ ఉంది.

కెటిల్ మూత ఎగరడం చూసి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కనిపెట్టాడన్న కథ పక్కన పెట్టు. వాట్ పుట్టింది 1736లో. అంతకు 24 ఏళ్ల ముందే థామస్ న్యూకామెన్ అనే ఇనప సామాన్ల వర్తకుడు ఇంగ్లండులో డడ్లీ దగ్గర గనిలో నీళ్లు తోడే ఆవిరి యంత్రం నిలబెట్టాడు. గ్లాస్గో యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే వాట్ చేతికి 1763–64 చలికాలంలో దాని బుల్లి నమూనా ఒకటి రిపేరుకొచ్చింది. నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయేది. బాయిలరు ఆవిరి చాలేది కాదు. కారణం ఏమిటంటే, ఆవిరిని నీళ్లు చేయడానికి సిలిండర్లోనే చన్నీళ్లు చిమ్మేవాళ్లు. దాంతో సిలిండరూ చల్లబడేది. తర్వాతి దెబ్బకొచ్చే ఆవిరిలో చాలా భాగం దాన్ని మళ్లీ వేడి చేయడానికే ఖర్చయిపోయేది. 1765లో ఓ ఆదివారం షికారు పోతుంటే వాట్‌కి తట్టింది: ఆవిరిని విడిగా ఇంకో పాత్రలోకి లాగి అక్కడ చల్లబరిస్తే సరి, సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

ఐడియా అంతే. ఆ యంత్రాలు పనిలోకి దిగింది మాత్రం 1776లో. మధ్యలో పదకొండేళ్లు! డబ్బు కష్టాలున్నాయి, నిజమే. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. ఇల్లు గడవడానికి వాట్ కాలవల సర్వే పనికి పోయాడు. కానీ నాలాంటి టర్నరు కంటికి ఆనేది వేరే. సిలిండరు గుండ్రంగా లేదు.

న్యూకామెన్ యంత్రంలో పిస్టను పక్కన సందున్నా పర్వాలేదు, పైన నీళ్లు పోసి నిలబెడితే గాలి దూరదు. వాట్ ఆ పని చేస్తే సిలిండరు చల్లబడి మొదటికే మోసం. నూనె గుడ్డలూ బెండూ కుక్కి చూశాడు, లాభం లేకపోయింది. అప్పటి బోరింగులో కట్టరున్న కడ్డీకి ఒక పక్కే ఆధారం. లోపలికి పోయేకొద్దీ తల వాలేది, పోత ఎటు వంకరుంటే అటే పోయేది. 1774లో ఫిరంగులు తొలిచే పద్ధతికి పేటెంటు తీసుకున్న జాన్ విల్కిన్సన్, ఆ తర్వాత సిలిండర్ల కోసం కడ్డీని ఈ కొస నుంచి ఆ కొసకు దూర్చి రెండు పక్కలా ఆధారమిచ్చాడు. (ఇనుమంటే ఎంత పిచ్చో, తన శవపేటిక కూడా ఇనుముతోనే చేయించుకున్న మనిషి.) 50 అంగుళాల సిలిండర్లో ఎక్కడా పాత షిల్లింగు బిళ్ల మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ మురిసిపోయాడు. ఇవాళ నువ్వు అంత తేడాతో జాబు చేస్తే మీ మాస్టారు స్క్రాపులో పడేస్తారు. అప్పటికి అదే గొప్ప.

వాట్‌ని తక్కువ చేయడం లేదురా. ఆయనా చేతిపని వచ్చినవాడే. డాక్టర్లు వాడే ఇత్తడి సిరంజినే సిలిండరుగా పెట్టి తన ఆలోచనను పరీక్షించుకున్నాడు. నువ్వు కూడా డ్రాయింగు గీసి ఊరుకోకుండా, దాన్ని మిషను మీద పెట్టే మనిషి పక్కన కాసేపు నిలబడు. "ఇది వస్తుందా అన్నా, ఎక్కడ ఇబ్బంది?" అని అడుగు. నామోషీ పడకు.

ఈసారి క్లాసులో బోరింగు టూలు అడిగి తీసుకో. మీ ఇన్‌స్ట్రక్టరుని పక్కన ఉండమను. టూలు కాస్త ఎక్కువ బయటికి ఉంచి ఒక కోత, లోపలికి జరిపి ఇంకో కోత తియ్యి. మొదటిసారి కీచుమని అదురుతుంది, కంగారు పడకు. చక్ పూర్తిగా ఆగాకే గేజి పెట్టు. రెండు కొలతలూ నాకు పంపు. ఫొటో వద్దు, అంకెలు రాసి పంపు.