చంద్రుడి నవ్వు

మన పలకరింపుల్లో ఒక చిత్రం ఉంది, గమనించారా? ఆర్నెల్ల తరవాత కనబడిన మనిషిని మనం ముందు కుశలం అడగం, తూకం వేస్తాం. "అయ్యో, చిక్కిపోయావేం?" అనో, "ఏమిటిలా లావెక్కిపోయావు?" అనో అనందే మాట సాగదు. మా కొత్తవలసలో కూరలమ్మే ముసలమ్మకైతే దాపరికం లేదు. "ఏటమ్మా, ఇలాగయిపోనావు!" అంటూ వంకాయలతోపాటు మనల్నీ తూచేస్తుంది. అమ్మమ్మల కాలంలో "కాస్త ఒళ్ళు చేశావే" అంటే మెచ్చుకోలు. ఇవాళ అదే మాటకి మొహం చిన్నబోతుంది.

పోనిద్దురూ, పెళ్ళిపందిట్లో ఎవరో అంటే నవ్వేసి పక్కకి తప్పుకుంటాం. ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరే అంటే ఎక్కడికని తప్పుకుంటాం?

మా ఎదురింటి పిన్నిగారి సంగతే చెబుతాను. ఆవిడకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నిస్సత్తువ, నెలనెలా విపరీతంగా రక్తం పోవడం. రైలెక్కి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. తోడు నేనే. వరండాలో పదిమంది ఎదుట ఆవిణ్ణి తూకం మిషనెక్కించి, నర్సు ఆ అంకెని పైకి చదివింది. డాక్టరుగారు చీటీ చూశారు, మనిషిని ఎగాదిగా చూశారు. "ముందు ఇరవై కిలోలు తగ్గి రండి, తరవాత చూద్దాం. నోరు కట్టుకోవాలమ్మా" అన్నారు. నాడి పట్టుకోలేదు, కనురెప్ప లాగి చూడలేదు. తిరిగొచ్చే రైల్లో పిన్నిగారు కిటికీలోంచి చూస్తూ, "పూటకి రెండు ముద్దలు తింటున్నాను. ఇంకేం కట్టుకోనే?" అన్నారు. ఆ తరవాత ఎనిమిది నెలలు ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

ఒకనాడు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోతే మరో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ రక్తపరీక్షలు చేయించింది. రక్తం ఏడు గ్రాములే ఉంది. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తోంది. ఆ గ్రంథి మందగిస్తే నీరసం వస్తుంది, నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది, ఒళ్ళూ పెరుగుతుంది. అంటే పిన్నిగారి లావు కూడా ఆ జబ్బు గుర్తుల్లో ఒకటన్నమాట. మొదటి ఆసుపత్రిలో ఆ గుర్తునే పట్టుకుని దోషిగా నిలబెట్టారు.

ఒకప్పుడు పెద్ద రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాల తూకం యంత్రాలుండేవి, జ్ఞాపకం ఉందా? నాణెం వేస్తే అట్టముక్క టిక్కెట్టు పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. పిల్లలం రెండోవైపే ముందు చదువుకునేవాళ్ళం. కొందరు డాక్టర్లు ఇప్పటికీ ఆ యంత్రంలాగే పనిచేస్తారు. బరువు చూడగానే రెండోవైపున మనిషి గుణం కూడా చదివేస్తారు: తిండిపోతు, బద్ధకస్తురాలు, చెప్పిన మాట వినదు.

ఆ అంకెలో అంత జాతకం ఉందా అంటే, లేదు. 2004లో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వేయించారు. ఎత్తుకీ బరువుకీ కట్టే లెక్క, అదే బీఎమ్ఐ, ఇద్దరికీ ఒకటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! ఆ ఒక్క లెక్కతో మనిషి ఆరోగ్యం తేల్చకూడదని లాన్సెట్ వారు నియమించిన నిపుణుల సంఘం 2025లో గట్టిగానే చెప్పింది.

ఇది నలుగురైదుగురి గొడవ కూడా కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది ఆడవాళ్ళు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తంమీద సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని చెప్పిందీ ఆ సర్వేయే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. "ఇంత ఒళ్ళున్న మనిషికి రక్తం తక్కువేమిటి?" అనుకునేవాళ్ళకి ఆ రెండోది కనబడదు.

"అంతా సరే, తిని కూచుంటే లావెక్కదా? తప్పు వాళ్ళదే కదా!" అనేవాళ్ళు ఉంటారు. వంశంలో ఉన్నది, కాన్పుల తరవాత వచ్చింది, స్టెరాయిడ్ల వల్ల పెరిగింది, నిద్ర లేక పెరిగింది, ఇలా కారణాలు ఎన్నయినా ఉన్నాయి. ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ అనే హార్మోను ఒకటుందని 1994లో కనిపెట్టారు. అంచేత ఆకలి ఉత్త మనోనిబ్బరం వ్యవహారం కాదు.

కాని నేను అంతటితో ఆగను. పోనీ, తప్పు నిజంగా ఆవిడదే అనుకుందాం. వద్దంటున్నా వినకుండా మామిడిచెట్టెక్కి కాలు విరగ్గొట్టుకున్న కుర్రాణ్ణి తీసుకెళితే, డాక్టరు ముందు కట్టు కడతాడా, "బుద్ధొచ్చాక రా" అని పంపేస్తాడా? తప్పు లేనివాళ్ళకే వైద్యం అంటే ఆసుపత్రులన్నీ ఖాళీ. ఎదుటివాళ్ళు నిర్దోషులని తేలాకగాని కరగని మనసుని దయ అనగలమా? అది తీర్పు అవుతుంది.

అలాగని బరువు మాటే ఎత్తొద్దనడం లేదు సుమండీ. మోకాళ్ళకీ, చక్కెరకీ, రక్తపోటుకీ దానితో సంబంధం ఉంది. దాచిపెట్టడమూ దయ కాదు. ఆ డాక్టరమ్మ ముందు పిన్నిగారి బాధంతా విన్నది, పరీక్షలు చేయించింది, మందు రాసింది. రెండోసారి వెళ్ళినప్పుడు, "మీకు అభ్యంతరం లేకపోతే బరువు సంగతి కూడా మాట్లాడుకుందామా?" అని అడిగింది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే రక్తపోటు లేనిది ఎక్కువ చూపిస్తుందట. పెద్ద పట్టీ తెప్పించి చూసింది. దయ అంటే నాకు ఆ పెద్ద పట్టీయే గుర్తొస్తుంది.

వినాయకచవితికి అక్షింతలు పట్టుకుని ఏటా మనం వినే కథ ఏమిటి? పొట్ట అడ్డమై తల్లిదండ్రులకి వంగి దణ్ణం పెట్టలేక బొజ్జగణపయ్య అవస్థపడుతుంటే, శివుడి తలమీది చంద్రుడు పకపకా నవ్వాడు. పార్వతమ్మ శపించింది ఉండ్రాళ్ళు తిన్నవాణ్ణి కాదు, నవ్వినవాణ్ణి. ఆ శాపం వల్ల వచ్చేవి నీలాపనిందలు, అంటే చెయ్యని తప్పుకి పడే మాటలు. దేవతలు బతిమాలుకుని ఆ శాపాన్ని ఒక్కరోజుకి కుదించుకున్నారు. లావుగా ఉన్న ఆడదానికి మాత్రం ఆ నింద ఏడాది పొడుగునా తప్పడం లేదు.

కాబట్టి ఈసారి మీ వదినగారికో, అత్తగారికో తోడుగా ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "బరువు తగ్గి రండి" అన్న మాట వినబడితే, లేచి వచ్చేయకండి. నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడగండి: "ఇదే బాధతో సన్నగా ఉన్న మనిషి వస్తే మీరు ఏ పరీక్షలు రాస్తారండీ? ఆ పరీక్షలే ఈవిడకీ రాయండి."