మే నెల గడి



సాయంకాలం అయిదు గంటలకు కూడా అంగడివీధిలో నిలిచియున్నవారిని ద్రాక్షతోట యజమాని కారణమడిగాడు. తమను ఎవరూ పనికి పిలువలేదన్నారు వారు (మత్తయి 20). పదకొండు నెలల కాంట్రాక్టు మనిషిదీ అదే జవాబు. ఏప్రిల్ ఆఖరున తొలగిస్తారు, జూన్‌లో మళ్ళీ చేర్చుకుంటారు. కాగితంమీద ఆమె ఏటా కొత్త మనిషే!

“ఆమె కాంట్రాక్టరు మనిషి, మనకేమి సంబంధం?” అంటాము. 1981లో రెండవ జాన్‌పాల్ జగద్గురువులు ‘లబోరెం ఎక్సెర్చెన్స్’ విశ్వలేఖలో పరోక్ష యజమానికి కూడా బాధ్యత ఉన్నదని బోధించారు. పంజాబ్ ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగుల కేసులో, సమానమైన పనికి సమాన వేతనమివ్వాలని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది ప్రభుత్వ కొలువుల సంగతి గదా అని తప్పించుకోవచ్చు. ప్రొద్దు గ్రుంకకమునుపే కూలి చెల్లించమనే ద్వితీయోపదేశకాండము (24:15) నుండి ఎక్కడికి తప్పించుకుంటాము?

ఇది వ్రాస్తూ మా విచారణ బడి జీతాల రిజిస్టరు తెరిచాను. ఆయమ్మ పేరు ఎదుట తొమ్మిదేండ్లుగా మే నెల గడి ఖాళీ. క్రింద సంతకాలు నావే. ఆమె ఒక్కనాడూ అడుగలేదు. అడిగితే జూన్‌లో పిలువరేమోనని భయం.

ఈ ఏడు ఆ గడి నింపడానికి మా విచారణ సంఘం ఒప్పుకున్నది. పాత తొమ్మిదింటి మాట ఇంకా తేలలేదు. మీ బడి రిజిస్టరులో మే నెల ఎలా ఉన్నదో ఆదివారం పూజ తరువాత మీ గురువుగారిని అడగండి.