అద్దానికి ఆవలి ముఖం

ఢిల్లీ నగరానికి వసంతం అతిథిలా వచ్చి అతిథిలాగే వెళ్ళిపోతుంది. మాఘమాసంలో శ్రీపంచమి నాటికి చలి పట్టు సడలుతుంది. ఫాల్గుణం వచ్చేసరికి రహదారుల వెంట బూరుగుచెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రని పూలతో నిలుస్తాయి. వేపచెట్ల కింద పండుటాకులు కుప్పలు పడతాయి. చైత్ర వైశాఖాలలో రాజస్థాన్ వైపు నుంచి వేడిగాలులు, వాటి వెంట దుమ్ముతుపానులు బయలుదేరుతాయి. చలికీ దుమ్ముకూ నడుమ దొరికే ఆ కొద్ది వారాలలోనే రాజధాని గృహస్థులు కిటికీలు బార్లా తెరుస్తారు, రజాయిలు ఎండబెట్టి పెట్టెలలో సర్దుతారు, మూలల బూజు దులుపుతారు. కార్తికం మొదలు పొగకూ మంచుకూ భయపడి మూసి ఉంచిన కిటికీల అద్దాల మీద అప్పటికి బూడిదరంగు పొర ఒకటి పేరుకొని ఉంటుంది. దానిని తుడిచివేయడంతోనే ఇక్కడ వసంతం ఇంటిలోకి ప్రవేశిస్తుంది.

ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇల్లు శుభ్రం చేసుకోవడంలో రెండు పంచాంగాలు కలుస్తాయి. ఉత్తరాదివారికి ప్రధానమైన గృహశుద్ధి దీపావళికి ముందు జరుగుతుంది. మనవారికి సంక్రాంతికి ముందు సున్నాలు వేయడం, భోగినాడు పాతసామాను మంటలో వేయడం, ఉగాదికి ముందు ఇల్లు కడిగి గడపకు పసుపు రాసి మామిడి తోరణం కట్టడం ఆచారం. ఈ ఆచారం మనకే పరిమితమైనది కూడా కాదు. నౌరోజుకు ముందు ఇరాన్ దేశస్థులు ఇంటిని పైనుంచి కిందికి దులిపే పనిని ఖానే తకానీ, అంటే ఇంటిని కుదిపి విదిలించడం, అని పిలుస్తారు. యూదులు పాస్కా పండుగకు ముందు పులిసిన పిండి రవ్వంత కూడా మిగలకుండా ఇల్లంతా వెతికి శుభ్రం చేస్తారు. కాలం మారేటప్పుడు ఇల్లు కూడా మారాలని, పాతదానిని విడిచిపెట్టకుండా కొత్తదానిని ఆహ్వానించలేమని మనుషులు అనేక దేశాలలో భావించారు. ఈ భావన ఉదాత్తమైనది. అయితే ఉదాత్తమైన పనికి కూడా ఒక మూల్యం ఉంటుంది. ఆ మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

కిటికీకి మన పూర్వులు పెట్టిన పేర్లను గమనించండి. గవాక్షమంటే గోవు కన్ను. వాతాయనమంటే గాలి నడిచే దారి. చూపుకూ గాలికీ ఒకే ద్వారం చాలునని ఈ రెండు మాటలూ చెబుతున్నాయి. ఢిల్లీలో 16వ శతాబ్దంలో నిర్మించిన హుమాయూన్ సమాధి మందిరంలోని రాతి జాలీలు ఈ భావానికి చక్కని రూపం. వాటి గుండా వెలుతురు జల్లెడ పట్టినట్లు వస్తుంది, గాలి చల్లబడి వస్తుంది. గాజు వచ్చాక ఈ రెండు పనులూ విడిపోయాయి. వెలుతురు లోనికి వస్తుంది, గాలి బయటే నిలిచిపోతుంది. గాజుతోపాటు మరొకటి కూడా వచ్చింది. అదే అద్దానికి ఆవలి ముఖం. ఇంటివారికి అది ఎల్లవేళలా కనిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. నేలమీది ఇంటిలో ఇది సమస్య కాదు, వీధిలోకి వెళ్ళి తుడిచి రావచ్చు. పాత ప్రభుత్వ నివాసాలలోని రెక్కల కిటికీలకు ఇనుప చువ్వలుంటాయి. వాటి సందుల గుండా చెయ్యి చాచవచ్చునే గాని మనిషి బయటికి దిగే వీలుండదు. గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్‌లలో పది, ఇరవై, ముప్పై అంతస్తుల భవనాలు లేచి, పక్కకు జరిపే వెడల్పాటి అద్దాలు గోడల స్థానాన్ని ఆక్రమించిన తరువాత ఆ ఆవలి ముఖం ఒక నైతికప్రశ్నగా మారింది.

2022 ఫిబ్రవరిలో ఘాజియాబాద్‌లోని ఇందిరాపురంలో ఒక దృశ్యాన్ని ఎదుటి భవనం నుంచి ఎవరో చిత్రీకరించారు. నాలుగో అంతస్తులో, కిటికీ వెలుపలి సన్నని అంచు మీద, ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఒక స్త్రీ అద్దాలు తుడుస్తున్నది. ఆ చిత్రం దేశమంతటా ప్రచారమైంది. చూసినవారు నివ్వెరపోయారు, కొందరు పరిహసించారు కూడా. కొద్ది రోజులకు అందరూ మరచిపోయారు. కాని ఆ చిత్రంలో వింత ఏమైనా ఉంటే అది కెమెరాకు చిక్కడమే. పండుగలకు ముందు ఈ మహానగరపు బహుళాంతస్తుల భవనాల వైపు తలెత్తి చూసేవారికి అటువంటి దృశ్యం అపరిచితం కాదు. కిటికీ అంచు మీద నిలిచేది ఆ ఇంటి ఇల్లాలే కావచ్చు, నెల జీతానికి వచ్చే పనిమనిషి కావచ్చు. ఎవరైనా సరే, ఒక అద్దపు పలకకూ ఒక ప్రాణానికీ మధ్య అక్కడ ఒక బేరం జరుగుతున్నది. ఆ బేరంలో ఒకవైపు దుమ్ము, మరొకవైపు మనిషి.

శుచిత్వానికి మన సంప్రదాయం ఇచ్చిన గౌరవం తక్కువది కాదు. కాబట్టి దాని మాటతోనే ఈ బేరాన్ని తూచి చూడవచ్చు. పతంజలి యోగసూత్రాల సాధనపాదంలో 30వ సూత్రం యమాలను చెబుతుంది, 32వ సూత్రం నియమాలను చెబుతుంది. యమాలలో మొదటిది అహింస. నియమాలలో మొదటిది శౌచం. ఈ క్రమం యాదృచ్ఛికమని అనుకోనవసరం లేదు. ఇతరుల పట్ల మనం పాటించవలసినది ముందు, మన విషయంలో మనం పాటించవలసినది తరువాత. పైగా నడుమనున్న 31వ సూత్రం యమాలను మహావ్రతమంటుంది. జాతి, దేశం, కాలం, సందర్భం అనే హద్దులు వాటికి లేవంటుంది. పండుగ సందర్భమని గాని, పనివారి ఇంట పుట్టిన మనిషి అని గాని అహింసకు మినహాయింపు దొరకదన్నమాట. మన శౌచం మరొకరి శరీరాన్ని ప్రమాదంలోకి నెట్టితే అది తన పునాదినే తవ్వుకున్నట్లవుతుంది. అదే 32వ సూత్రంలో శౌచం వెంటనే వచ్చేది సంతోషం, అంటే ఉన్నదానితో తృప్తి. ఎంత శుభ్రం చాలునన్న ప్రశ్నకు జవాబు ఆ పక్కమాటలోనే ఉన్నది.

వేమన కూడా వంటపాత్ర శుభ్రతను తక్కువ చేయలేదు. దానిని చిత్తశుద్ధికి ఉపమానంగా నిలబెట్టాడు. పాత్ర శుభ్రంగా లేకపోతే వంట చెడినట్లే మనసు శుభ్రంగా లేకపోతే ఆచారం చెడుతుందని ఆయన అభిప్రాయం. ఆ ఉపమానాన్ని కిటికీకి అన్వయిస్తే, అద్దం తుడవడం ఎంత అవసరమో, తుడిచే చేతిని గురించి ఆలోచించడం అంతకంటె అవసరమని తేలుతుంది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు సహజంగా వస్తాయి. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆమే ఇష్టపడి కిటికీ దిగింది, అలవాటేనని నవ్వింది కూడా అన్నది మొదటిది. ఇది అబద్ధమని అనలేము. కాని అవసరం నోట పలికే అంగీకారానికీ స్వేచ్ఛ నోట పలికే అంగీకారానికీ భేదమున్నది. కాదంటే రేపటి నుంచి రావద్దంటారేమోనన్న సంశయం ఉన్నచోట సరే అన్న మాట సగం మాటే. దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. ఆ అంచు మీద మన కూతురిని నిలబెట్టగలమా? లేదనుకుంటే మరొకరి కూతురిని నిలబెట్టడానికి ఆమె అంగీకారం సాకు కాజాలదు. ఇల్లాలు తానే దిగినప్పుడు కూడా ఈ పరీక్షకు విలువ తగ్గదు. ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్న సామెత మనకున్నది. ఇంటి మసి అంతా ఇల్లాలి నడవడికి కొలమానమని ఆ సామెత శతాబ్దాలుగా ఆమెకు నేర్పింది. చుట్టాలు వచ్చే వేళకు అద్దం మెరవకపోతే తన పరువు పోతుందన్న భయమే ఆమెను అంచుదాకా నడిపిస్తుంది. ఆ భయాన్ని పెంచి పోషించిన ఇంటిల్లిపాదీ ఆ నడకకు బాధ్యులే.

రెండవ ఆక్షేపణ ఇంకా గట్టిది. ప్రమాదమని పని మాన్పిస్తే ఆమె కూలి పోతుంది గదా, మన నీతికి ఆమె ఆకలి మూల్యమా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు పని మాన్పించడంలో లేదు. కూలి తగ్గించకుండా పనికి హద్దు గీయడంలో ఉన్నది. లోపలినుంచి, నేల మీద నిలిచి, పొడవైన కర్ర తుడుపుతో అందినంత మేరకే ఆమె పని. అందని భాగం నడుముకు రక్షణ పట్టీ, తాడు కట్టుకొని దిగే శిక్షణ పొందినవారి పని. వారిని పిలిపించే ఖర్చు భరించలేకపోతే ఆ భాగం దుమ్ముతోనే ఉండనివ్వాలి. ఇంటి యజమానికి ఇది నష్టమే. అయితే ఆ నష్టం యజమాని భరించదగినది. కిందపడిన మనిషి నష్టం ఎవరూ భరించలేనిది.

గాంధీజీ శుభ్రతను గురించి చెప్పినదానిలో బలం ఆయన ఉపన్యాసాలకంటె ఆచరణ నుంచి ఎక్కువగా వచ్చింది. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో మరుగుదొడ్ల దుస్థితి చూసి ఆయన స్వయంగా చీపురు పట్టారు. 1946-47లో ఢిల్లీలో వాల్మీకి బస్తీలో నివసించారు. ఊరి మలినాన్ని మోసేవారి పక్కన నిలిచి శుభ్రతను చూడాలన్నదే ఆ రెండు సంఘటనల సారాంశం. ఆ పక్కన నిలిచి చూస్తే మెరిసే అద్దం కంటె ముందు అంచు మీది పాదాలు కనిపిస్తాయి.

చట్టం ఈ విషయంలో మెల్లగా అడుగులు వేస్తున్నది. పనిచోట స్త్రీల మీద లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం నివాసగృహాన్ని కూడా పనిస్థలంగా గుర్తించింది. మన ఇల్లు మరొకరికి కార్యాలయమని చెప్పిన ఆ నిర్వచనం చిన్నదిగా కనిపించినా చాలా దూరం వెళ్ళేది. గృహకార్మికులకు గౌరవప్రదమైన పనిని గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక, సురక్షితమైన ఆరోగ్యకరమైన పని వాతావరణం వారి హక్కని ప్రకటించింది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. గృహకార్మికుల రక్షణకు ప్రత్యేక చట్టవ్యవస్థ అవసరమేమో పరిశీలించేందుకు నిపుణుల సంఘాన్ని నియమించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కర్మాగారంలో పనివాడు ఎత్తు మీదికి ఎక్కితే అడిగేందుకు తనిఖీ అధికారి ఉంటాడు. పడకగది కిటికీ దగ్గరికి ఏ అధికారీ రాడు. అందువల్ల ఇక్కడ చట్టం కంటె ముందు గృహస్థధర్మం మేలుకోవాలి.

గృహస్థుతోపాటు భవన నిర్మాతకు, వాస్తుశిల్పికి, అనుమతులిచ్చే అధికారికి కూడా ఇందులో భాగమున్నది. లోపలికి తెరుచుకొనే కిటికీకి ఆవలి ముఖం లోపలినుంచే చేతికి అందుతుంది. అందని అద్దాన్ని పటం మీద గీసినవాడు, ఒకనాడు ఎవరో దాని ముందు గాలిలో నిలబడవలసి వస్తుందని కూడా గీసినట్లే. పటం మీద సంతకం పడిన రోజునే ఆ ప్రమాదానికి బీజం పడుతుంది.

ఇంటి లోపలి మురికి బయటికి వెళ్ళే దారిని కూడా ఇదే దృష్టితో చూడాలి. రాలిన వేపాకులనూ విరిగిన సామానునూ వీధి చివర తగలబెట్టడం ఒకప్పుడు శుభ్రతలో భాగమే. ఆ పొగ పొరుగువారి ఊపిరితిత్తులలోకి వెళుతుందని గ్రహించి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించవచ్చునన్నది. కాల్చనిది గాజీపూర్ వంటి చెత్తదిబ్బలకు చేరుతుంది. 1984లో మొదలైన ఆ దిబ్బ కొండయై, 2017 సెప్టెంబరు 1న ఒక పక్క కూలి ఇద్దరి ప్రాణాలు తీసింది. మురికి నశించదు, స్థలం మారుతుంది. మన గడప దాటగానే అది మాయమైందనుకోవడం కళ్ళు మూసుకోవడమే. గోవు కన్ను వంటి కిటికీని తుడిచి, ఆ కిటికీ లోంచి కనిపించే మనుషులను చూడకపోతే తుడిచిన ఫలమేమి?

తెలుగులో పనిమనిషి అన్న మాటలో పని ఉన్నది, మనిషీ ఉన్నది. వాడుకలో మొదటి సగమే మన చెవికి సోకుతున్నది. రెండవ సగాన్ని కూడా వినడం అలవాటైతే ఈ సమస్యలో చాలా భాగం తీరుతుంది.

ఢిల్లీ దుమ్ముకు విశ్రాంతి లేదు. ఫాల్గుణంలో ఎంత తుడిచినా వైశాఖంలో ఒక్క తుపాను చాలు, అద్దం మళ్ళీ మసకబారడానికి. అది మళ్ళీ తుడవదగినది, తుడవకపోయినా ఓర్చుకోదగినది. అంచు మీదినుంచి జారిన మనిషిని మాత్రం ఏ ఉగాదీ తిరిగి తీసుకురాదు. సరిదిద్దుకోగల లోపానికీ సరిదిద్దుకోలేని నష్టానికీ గల ఈ తేడాను తెలుసుకొని పనికి హద్దు గీసిన ఇల్లే శుభ్రమైన ఇల్లు. అటువంటి ఇంటి కిటికీలో ఒక మూల కాస్త దుమ్ము మిగిలి ఉంటే, ఆ మూలను చూసి ఎవరూ సిగ్గుపడనవసరం లేదు.