గెలిచిన చేయి



భామ్రాగడ్, సిరొంచల తెలుగు ఇండ్లకు సైతము “బిగ్ బాస్” వచ్చినది. 2017లో తెలుగున మొదలయిన ఈ పోటీలో, ఎవరు వెడలిపోవలెనో తోటివారే పేరు చెప్పవలెను. ఆట ఆటగనే యుండిన చింత లేదు. 2023 డిసెంబరు 17 రాత్రి హైదరాబాదులో తుదిపోటీ ముగియగనే, అభిమానులమనువారు ఆర్టీసీ బస్సుల అద్దములు పగులగొట్టిరి. బస్సెక్కినవారు ఏ పోటీలో నిలిచిరి?

భరత బాహుబలులు సైన్యములను ఆపి, దృష్టి, జల, మల్లయుద్ధములతో తేల్చుకొనిరి. మూడింటను గెలిచిన బాహుబలి అన్నను పైకెత్తెను. నేలకు కొట్టుటకు ఒక్క క్షణము చాలును. కొట్టలేదు, మెల్లగా దింపెను. ఓడిన భరతుడే చక్రము విసరెను. చక్రవర్తికిని ఓటమి అంత చేదు! చక్రము బాహుబలికి ప్రదక్షిణము చేసి నిలిచెను. ఆయన పోదనపురము గోదావరి కావలనున్న మన బోధనే యని పలువురందురు. గెలిచిన ఆ రాజ్యమును అన్నకే విడిచి, ఆయన అడవికి నడచెను.