ల్యాప్‌టాప్ అడగడం తృష్ణ అవుతుందా?



మీ అమ్మాయి డిగ్రీలో చేరిందనుకోండి. ల్యాప్‌టాప్ కావాలంటోంది. మీ చేతిలో 25,000 రూపాయలున్నాయి. ఆమె క్లాసులో మరో అమ్మాయి 60,000 పెట్టి కొనుక్కుంది. ఇంట్లో ఒకరు "అప్పు చేసైనా అలాంటిదే కొందాం" అంటారు. ఇంకొకరు "కోరికే దుఃఖానికి మూలమని బుద్ధుడు చెప్పలేదా? ఫోనుతో సర్దుకోమను" అంటారు. ఇద్దరిదీ ప్రేమే. మరి ధమ్మం ఎవరి వైపు ఉంది? నిదానంగా ఆలోచిద్దాం.

ముందు రెండో మాట చూడండి. దుఃఖానికి మూలం తృష్ణ అన్నాడు తథాగతుడు. కానీ ప్రతి కోరికనూ తృష్ణ అనలేదు. పాళీలో తణ్హా వేరు, కుసల ఛందం వేరు. మొదటిది ఎంత పోసినా నిండని కుండ. రెండోది మంచి పని చేయాలనే పట్టుదల. పేదరికాన్ని బుద్ధుడు గొప్ప చేయలేదని బాబాసాహెబ్ తన ధమ్మ గ్రంథంలో స్పష్టంగా చెప్పారు. అయినా "ఉన్నదాంతో సర్దుకో" అన్న మాట మనకు కొత్తదా? అక్షరం అడిగినప్పుడల్లా మన తాతలకు చెప్పింది అదే కదా! అదే మాటను ఇప్పుడు ధమ్మం పేరు పెట్టి మన బిడ్డకు మనమే చెప్పకూడదు. ప్రాజెక్టు రాయాలన్నా, కోడింగ్ నేర్చుకోవాలన్నా అరచేతిలో పట్టే ఫోను చాలదు. ఒకప్పుడు పలక ఎంత అవసరమో ఇప్పుడు ఇది అంత అవసరం.

ఇక మొదటి మాట. "అలాంటిదే కొందాం" అనే తండ్రికి గొప్పలకు పోవాలని ఉండదు. నలుగురిలో తాను పడ్డ చిన్నచూపు తన బిడ్డ పడకూడదనే ఆయన తపన. ఆ బాధ నిజమైనదే. కానీ తృష్ణ చప్పుడు చేయకుండా లోపలికొచ్చేది కూడా ఆ తలుపులోంచే. "ఇది ఏం పని చేస్తుంది?" అన్న ప్రశ్న పోయి "ఇది చూడ్డానికి ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్న వచ్చిందంటే, అవసరం అయిపోయి తృష్ణ మొదలైనట్టే.

కాగితం మీద లెక్క వేయండి. 60,000కు తక్కువపడిన 35,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 1,050. ఏడాదికి 12,600. వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతే, మూడేళ్ళ డిగ్రీ అయ్యేసరికి కట్టింది 37,800. అప్పటికీ అసలు అలాగే ఉంటుంది, ల్యాప్‌టాప్ మాత్రం పాతబడుతుంది. గృహస్థుడికి నాలుగు సుఖాలున్నాయని బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పాడు. వాటిలో ఒకటి అప్పు లేకుండా ఉండటం. ఒక అవమానాన్ని తుడుచుకోవడానికి వడ్డీవ్యాపారి గుమ్మం ముందు ఇంకో అవమానం కొని తెచ్చుకోవద్దు. "వడ్డీ లేని ఈఎంఐ" అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత కడతామో, నగదుకైతే ఎంతకిస్తారో రెండూ అడిగి పోల్చి చూడండి.

మరి 25,000తో ఏం చేయాలి? ఎవరో చెప్పారని నమ్మకండి, మీరే పరీక్షించి చూడండి అని కాలాములకు బుద్ధుడు చెప్పిన పద్ధతి షాపులో కూడా పనికొస్తుంది. అమ్మేవాడి మాట, టీవీలో సినిమా హీరో మాట పక్కన పెట్టండి. ముందు కాలేజీలో అడగండి, ఈ కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారని. మామూలు డిగ్రీ చదువుకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతాయి. పాత రకం హార్డ్ డిస్క్ ఉంటే చాలా నెమ్మదిగా నడుస్తుంది, ఎంత సైజని చెప్పినా మోసపోవద్దు. గేమింగ్ కార్డు అక్కర్లేదు. ఈ ధరలో దొరికే కొత్తవాటిలో తరచూ సెలెరాన్ లాంటి బలహీనమైన ప్రాసెసర్ ఉంటుంది. దానికన్నా ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు గట్టిగా ఉంటాయి.

అలాంటిది కొంటే నాలుగు చూసుకోండి. ఇంటెల్ ప్రాసెసరైతే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతిదై ఉండాలి, లేకపోతే విండోస్ 11 సరిగ్గా పడదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. మన ధమ్మదీక్ష తేదీ కాబట్టి గుర్తుంటుంది లెండి. రెండోది, బ్యాటరీ రిపోర్ట్ తీయించి, కొత్తలో ఎంత ఛార్జ్ పట్టేది, ఇప్పుడెంత పడుతోంది చూడండి. మూడోది, కీబోర్డులో ప్రతి మీటా నొక్కండి, మూత తెరిచి మూసి చూడండి. నాలుగోది, వారంటీ కాగితం మీద రాయించుకోండి.

బిల్లు లేకుండా చవగ్గా ఇస్తామంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. అది ఎవరి ఇంట్లోంచి పోయిన వస్తువో! ఇవ్వనిది తీసుకోనని మనం శీలం తీసుకున్నాం. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం కూడా ఆ శీలాన్ని తప్పడమే. లైనక్స్, లిబ్రేఆఫీస్ తయారుచేసినవాళ్ళే అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇచ్చినదే తీసుకుంటున్నాం కాబట్టి దోషం లేదు, ఖర్చూ లేదు.

25,000 కూడా లేని ఇళ్ళు మన పేటల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ సంగతి? ఈ ప్రశ్న ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలకూ అక్కలకూ. మీరు కొత్తది కొన్నాక పాతది బీరువాలో పెట్టి ఏం లాభం? అందులో మీ ఫైళ్ళు తుడిచేసి, చదువుకునే బిడ్డకు ఇవ్వండి. విహారంలో ఒకటి ఉంచితే సాయంత్రాలు నలుగురు పంచుకుని వాడతారు. దానపారమితకు ఇంతకన్నా దగ్గరి దారి ఏముంది?

అందుకే ఈ రాత్రి మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క రాయండి. డబ్బు ఎంతుందో దాచకండి. ఆమెకు ఏ పనికి కావాలో ఆమెనే చెప్పనివ్వండి. ఎదుటివాళ్ళ ల్యాప్‌టాప్ ధర మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

జై భీమ్.